“ఇంట్లోనే ఉంటుంది కదా!”



ఈ పేజీలో సాధారణంగా ఏదో ఒక జబ్బు గురించి, దాని జాగ్రత్తల గురించి చదువుతుంటారు. ఈసారి నేను ఒక మాట గురించి రాస్తున్నాను. మా ఓపీలో చీటీ రాసేచోట ఈ మాట రోజూ వినబడుతుంది. పేరు, వయస్సు, ఊరు అడిగాక “ఏం పని చేస్తారమ్మా?” అని అడుగుతాం. ఆమె నోరు తెరిచేలోగా పక్కనున్న భర్తో, అత్తగారో జవాబు చెప్పేస్తారు: “ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది.” ఆ సమయంలో ఆమె చంకలో ఒకడు ఉంటాడు. ఇంకొకడు ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగుతూ ఉంటాడు.

ఈ మాట అన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వారికి అలవాటైపోయింది, అంతే. కాని ముప్పై ఏళ్ళకు పైగా వార్డుల్లో పనిచేసిన మనిషిగా నా అభిప్రాయం ఒకటే. ఈ మాట వల్ల తల్లుల ఆరోగ్యం చెడుతోంది, పిల్లలకు ప్రమాదాలు జరుగుతున్నాయి. కనుక దీన్ని మన ఇళ్ళలో మానుకోవాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

ఒక రోజు లెక్క

పెద్దవాడికి ఐదేళ్ళు, చిన్నవాడికి రెండేళ్ళు అనుకుందాం. గవర్నర్‌పేటలో ఏదో ఒక సందులో మూడో అంతస్తు, రెండు గదుల అద్దె ఇల్లు. భర్త బీసెంట్ రోడ్డులో ఒక షాపులో పనిచేస్తాడు.

తెల్లవారక ముందే కుళాయి నీళ్ళు పట్టాలి, పాల ప్యాకెట్టు తెచ్చి కాచాలి. ఒక పొయ్యి మీద ఇడ్లీ, ఇంకో పొయ్యి మీద భర్త క్యారేజీకి కూర. ఇంతలో చిన్నవాడు లేచి ఏడుస్తాడు. పెద్దవాడికి ఒక సాక్సు దొరకదు. దొరికేసరికి చిన్నవాడు పాలగ్లాసు ఒలకబోస్తాడు. నేల తుడుస్తుంటే కింద ఆటో హారను. ఒకణ్ణి చంకనేసుకుని, ఇంకొకణ్ణి చేత్తో పట్టుకుని, బ్యాగు భుజాన వేసుకుని మూడంతస్తులు దిగాలి, మళ్ళీ ఎక్కాలి.

తర్వాత ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. రెండేళ్ళ మగపిల్లాడున్న ఇంట్లో ప్రశాంతత వచ్చిందంటే తల్లి భయపడాలి. వాడు బియ్యం డబ్బాలో చేతులు పెట్టి ఉంటాడు, లేకపోతే స్టూలు లాక్కుని కిటికీ ఎక్కుతుంటాడు. గిన్నెలు తోముతూ చెవి వాడి మీద పెట్టాలి. బట్టలు ఆరవేయడానికి డాబా మీదకు వెళ్తే వాణ్ణి తీసుకెళ్ళాలి, ఎందుకంటే పిట్టగోడ ఉంది. స్నానానికి వెళ్ళాలంటే తలుపు ఓరగా వేసి “నాన్నా, అక్కడే ఉన్నావా?” అని పిలుస్తూనే ఉండాలి.

వాడికి అన్నం తినిపించడానికి ముప్పావు గంట. ఆమె తినేది వాడు నిద్రపోయాక, రెండున్నరకో మూడింటికో, చల్లారిపోయిన అన్నం, అదీ నిలబడి. పెద్దవాడు బడి నుంచి వచ్చేసరికి చిన్నవాడు లేస్తాడు. అక్కడి నుంచి రాత్రి దాకా ఒకటే గోల. “అమ్మా, వీడు కొరికాడు”, “అమ్మా, వాడే ముందు కొట్టాడు.” ఒకే బొమ్మ ఇద్దరికీ కావాలి. సోఫా మీంచి దూకడం పందెం. మే నెల ఎండలో, కరెంటు పోయినప్పుడు, ఆ రెండు గదుల్లో ఈ గొడవ ఎలా ఉంటుందో ఒక్క ఆదివారం పూర్తిగా పిల్లలతో ఉన్న తండ్రికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాత్రి అందరూ పడుకున్నాక రేపటికి పప్పు నానబోసి, గ్యాసు కట్టి పడుకుంటుంది. అర్ధరాత్రి చిన్నవాడు లేస్తే ఆమే లేవాలి. “నాకు పొద్దున డ్యూటీ ఉంది, నీకేముంది, ఇంట్లోనే కదా!” అని భర్త అటు తిరుగుతాడు.

దేశం చూసిన లెక్క

ఇది ఏదో ఒక ఇంటి సంగతి అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖ మనుషులు రోజులో ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తున్నారో 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి సర్వే చేసింది. 2024 లెక్క ప్రకారం ఇంటిపని చేసే స్త్రీ ఆ పనికి రోజుకు సగటున 289 నిమిషాలు, అంటే దాదాపు 5 గంటలు వెచ్చిస్తోంది. ఇంటిపనిలో చెయ్యి వేసే పురుషుడు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. పిల్లల్ని, పెద్దల్ని చూసుకునే పని దీనికి అదనం. 15 నుంచి 59 ఏళ్ళ వయస్సు వారిలో ఆ పని చేసే స్త్రీలు రోజుకు 140 నిమిషాలు, పురుషులు 74 నిమిషాలు దానికి ఇస్తున్నారు. ఇవి సగటు లెక్కలు. చిన్నపిల్లలున్న ఇంట్లో తల్లి భారం ఇంకా ఎక్కువని వేరే చెప్పాలా?

న్యాయస్థానాలు కూడా ఈ విషయం గుర్తించాయి. జనాభా లెక్కల్లో గృహిణులను “పని చేయనివారి” వరుసలో, బిచ్చగాళ్ళు, ఖైదీలు మొదలైన వారితో కలిపి చేర్చడాన్ని సుప్రీంకోర్టు 2010లో తప్పుబట్టింది. 2021 జనవరి 5న వచ్చిన ఇంకో తీర్పు మన ప్రాంతం వారు తప్పక తెలుసుకోవలసినది. 2014లో ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో ఒక భార్యాభర్తలు చనిపోయారు. వారి పసిపిల్లలకు ఇవ్వవలసిన నష్టపరిహారం లెక్కగట్టేటప్పుడు, సంపాదన లేని ఆ తల్లి పనికి విలువ ఎలా కట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ ఎన్.వి. రమణ గారు మన అప్పటి ఉమ్మడి కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టినవారు. గృహిణి చేసే పనికి విలువ కట్టడం అంటే ఆ శ్రమను చట్టం, సమాజం గుర్తించడమేనని ఆయన విడిగా తన అభిప్రాయం రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లని, అలా చెప్పిన పురుషులు 58 లక్షల లోపేనని ఆ తీర్పులో చూపించారు.

ఒక తల్లి చనిపోయాక ఆమె పనికి కోర్టు విలువ కడుతుంది. బతికి ఉండగా మనం కట్టలేమా?

“మా అమ్మ ఆరుగుర్ని పెంచింది”

ఈ మాట చెబితే పెద్దవాళ్ళు వెంటనే అడుగుతారు: “మా అమ్మ ఆరుగుర్ని పెంచింది, గొడ్లు కాసింది, పొలం వెళ్ళింది. ఎప్పుడైనా అలిసిపోయానన్నదా? ఈ కాలం పిల్లలకు మిక్సీ, గ్యాసు, వాషింగ్ మెషీను అన్నీ ఉండి కూడా ఇద్దరితో వేగలేకపోతున్నారు.”

ఈ ప్రశ్నలో నిజం ఉంది. ఆ తల్లుల శ్రమకు చేతులెత్తి మొక్కాలి. కాని రెండు సంగతులు మరిచిపోతున్నాం.

మొదటిది, ఆ తల్లి ఒంటరిగా పెంచలేదు. ఆ ఇంట్లో మామ్మ ఉంది, పెళ్ళికాని మేనత్త ఉంది, పదేళ్ళ పెద్దక్క ఉంది. చావిడి ఉంది, దొడ్డి ఉంది, వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని కర్ర పట్టుకుని పిల్లల్ని అదిలించే తాతయ్య ఉన్నాడు. గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డ పక్కల ఊళ్ళ నుంచి బతుకుతెరువుకు బెజవాడ వచ్చిన జంటకు మూడో అంతస్తులో ఆ మనుషులు లేరు. పక్క వాటా తలుపు మూసి ఉంటుంది. మిక్సీ పచ్చడి రుబ్బుతుంది కాని పిల్లాడిని ఎత్తుకోదు.

రెండవది, అలిసిపోయానని ఆమె అనలేదంటే అలిసిపోలేదని కాదు. అడిగినవారు లేరు. ఆ తరం తల్లులు ఇప్పుడు మా వార్డుల్లో ఉన్నారు. అరిగిపోయిన మోకాళ్ళు, జారిన గర్భసంచి, ఎప్పుడూ వైద్యం చేయించుకోని రక్తహీనత వారు చెప్పని మాటలన్నీ మాకు చెబుతున్నాయి.

ఇప్పుడు ఎక్కువమంది పిల్లల్ని కనమనే మాట కూడా వింటున్నాం. ఇద్దరికంటే ఎక్కువ సంతానం ఉన్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను మన శాసనసభ 2024 నవంబరులో తీసివేసింది. మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటు సంతానం 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 1.7కు తగ్గింది, కనుక ఆ చర్చ రావడం సహజమే. ఎంతమందిని కనాలన్నది భార్యాభర్తలు కలిసి నిర్ణయించుకోవలసిన విషయం. కాని ఆ నిర్ణయానికి ముందు “పుట్టాక ఎవరెవరు చూసుకుంటారు?” అన్న ప్రశ్న వేసుకోవాలి. “వాళ్ళమ్మ చూసుకుంటుంది” అన్నది చాలదు.

వంట, కాపలా ఒకేసారి కుదరవు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. చిన్నపిల్లల ఇంట్లో తల్లి రెండు పనులు ఒకేసారి చేస్తోంది. ఒకటి ఇంటిపని, రెండవది కాపలా. రెండూ పూర్తి దృష్టి పెట్టవలసిన పనులే. ఒక మనిషికి ఉన్నవి రెండు కళ్ళే. అన్నం వార్చే రెండు నిమిషాల్లో పిల్లాడు మెట్ల దగ్గరికి వెళ్ళిపోతాడు.

మనది కృష్ణా డెల్టా. బెజవాడ ఊరి మధ్య నుంచే బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పోతున్నాయి. పల్లెల్లోకి వెళ్తే పంట కాలువ, బోదె, చెరువు, చేపల గుంట లేని దారి లేదు. నీళ్ళే మనకు అన్నం పెడుతున్నాయి. ఆ నీళ్ళే పసిపిల్లల్ని మింగుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వారిలో దాదాపు నాలుగో వంతు 5 ఏళ్ళ లోపు పిల్లలు.

మనలాంటి ఇంకో డెల్టా దేశం బంగ్లాదేశ్. అక్కడ పరిశోధకులు పసిపిల్లలు ఏ సమయంలో మునిగిపోతున్నారో గమనించారు. ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 1 గంట మధ్యలోనే ఎక్కువ. అది తండ్రి పనికి వెళ్ళిన సమయం, పెద్ద పిల్లలు బడికి వెళ్ళిన సమయం, తల్లి వంటలో మునిగి ఉన్న సమయం. అప్పుడు వారు తల్లులను తిట్టలేదు. ఊరిలోనే ఒక ఇంట్లో, శిక్షణ ఇచ్చిన ఒక స్త్రీ దగ్గర, ఆ నాలుగు గంటలూ పసివాళ్ళను ఉంచే ఏర్పాటు చేశారు. వాటికి “ఆంచల్” అని పేరు పెట్టారు. ఆంచల్ అంటే బెంగాలీలో చీర కొంగు. అలా ఉంచిన పిల్లల్లో నీట మునిగే మరణాలు బాగా తగ్గాయి. 2022లో అక్కడి ప్రభుత్వం 16 జిల్లాల్లో ఇలాంటి కేంద్రాలు 8,000 నెలకొల్పే పథకానికి అనుమతి ఇచ్చింది.

ఇందులో మనకు పాఠం ఉంది. పిల్లాడికి ఏదైనా జరిగితే మన ఇళ్ళలో మొదట వచ్చే మాట ఏమిటి? “ఇంట్లోనే ఉండి ఏం చేస్తున్నావు?” వేడి గంజి మీద పడిన బిడ్డను మా క్యాజువాల్టీకి తెచ్చినప్పుడు కట్టు కట్టకముందే తల్లికి ఈ తిట్టు పడుతుంది. ఆ తల్లి ఆ సమయంలో ఏం చేస్తోందంటే, తిట్టేవారి కోసం వంట చేస్తోంది.

తిట్టడం మాని ఇంట్లో ఈ జాగ్రత్తలు తీసుకోండి. ఇవి తండ్రులు ఒక్క ఆదివారంలో చేయగలిగిన పనులు.

నీళ్ళ బకెట్లు, డ్రమ్ములు నింపి వదలవద్దు. వాడాక వంచేయండి, లేదా గట్టి మూత పెట్టండి. తల బరువుగా ఉండే పసివాడు బకెట్లోకి వంగితే తనంతట తాను లేవలేడు. మెట్ల దగ్గర, వంటింటి గుమ్మానికి అడ్డంగా చిన్న తలుపు పెట్టించండి. కిరోసిన్, ఫినాయిలు, యాసిడ్ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి ఉంచకండి. పిల్లాడు కిరోసిన్ తాగితే వాంతి చేయించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కాలినచోట టూత్‌పేస్టు, సిరా, పిండి రాయకండి. 20 నిమిషాలు ధారగా మామూలు చల్లని నీళ్ళు పోసి, శుభ్రమైన బట్ట కప్పి తీసుకురండి. 5 ఏళ్ళ లోపు పిల్లలకు వేరుశెనగ గింజలు, జీడిపప్పు గింజలుగా ఇవ్వకండి. రిమోటులో ఉండే బిళ్ళ బ్యాటరీ మింగారన్న అనుమానం వచ్చినా ఒక్క గంట ఆగకండి.

సెల్‌ఫోను గురించి కూడా ఒక మాట. అన్నం తినడానికి ఫోను ఇస్తోందని తల్లిని అందరూ అంటారు. ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దని, 2 నుంచి 4 ఏళ్ళ వారికి రోజుకు గంటకు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ వయస్సు వారికి రోజుకు కనీసం 3 గంటలు ఆట, కదలిక ఉండాలని కూడా చెప్పింది. ఫోను తీసేయమనే నాన్నలు, సాయంత్రం వాళ్ళను రాజీవ్ గాంధీ పార్కుకో, ఇంటి దగ్గర ఖాళీ స్థలానికో తీసుకెళ్ళే బాధ్యత కూడా తీసుకోవాలి. మగపిల్లలకు పరుగు అన్నం లాంటిది. రెండు గదుల్లో పరుగు దొరకదు.

తల్లి ఒంటి సంగతి

పిల్లలకు జ్వరం వస్తే ఆ రోజే వస్తారు. తల్లి మాత్రం తన బాధను మూడు నెలలు మోసుకుని వస్తుంది. “పిల్లల్ని ఎవరి దగ్గర వదిలి రాను సిస్టర్?” అన్న మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. అంటే ఐదుగురిలో ముగ్గురికి. ఆయాసం, కళ్ళు తిరగడం, కాళ్ళు లాగడం, ఊరికే విసుగు రావడం దీని లక్షణాలు. పిల్లల మీద అకారణంగా అరిచి, తర్వాత తానే ఏడ్చే తల్లికి ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. గర్భవతి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే.

ఐరన్ మాత్ర టీతోగాని, కాఫీతోగాని, పాలతోగాని వేసుకోవద్దు, ఒంటికి పట్టదు. ఒక గంట తేడా ఉంచి నిమ్మరసంతో వేసుకోండి. క్యాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి. మాంసం, చేప, గుడ్డు, తోటకూర, మునగాకు, పప్పులు భోజనంలో ఉండాలి. గుడ్డు పిల్లలకు, చేపముక్క భర్తకు, పులుసు తనకు అన్న పద్ధతి మానాలి. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకుని అర్ధగంట నుంచి గంట ఆగి టీ తాగాలి. ఆ ఒక్క గంటలోనే ఆమెకు పని ఎక్కువ, కనుక మరిచిపోతుంది. ఆ మాత్ర, గ్లాసు నీళ్ళు చేతికి అందించే పని భర్త చేస్తే సగం వైద్యం అయినట్లే.

బాత్‌రూముకు వెళ్ళడానికి కూడా వీలు లేక నీళ్ళు తక్కువ తాగి, మూత్రం బిగబట్టుకునే తల్లులు చాలామంది. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ రావడానికి ఇదొక కారణం. వంటగట్టు మీద ఒక సీసా పెట్టుకుని సాయంత్రంలోగా ఖాళీ చేయండి.

ఇక మనస్సు గురించి. ఇది రాయడం కష్టమైనా రాయాలి. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2021లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలు 45,026 మంది. వారిలో 23,179 మంది గృహిణులు. అంటే సగం కంటే ఎక్కువ. కారణాలు ఒక్కటి కావు. కాని రోజంతా పెద్ద మనిషితో ఒక్క మాట లేకుండా, చేసిన పనికి ఒక్క మంచి మాట లేకుండా, నిద్ర లేకుండా ఏళ్ళు గడిపితే మనస్సు కూడా జబ్బు పడుతుంది. నిద్ర పట్టకపోవడం, పిల్లల్ని చూసినా సంతోషం కలగకపోవడం, “నేను లేకపోతే వీళ్ళకే మంచిది” అనిపించడం రెండు వారాలకు మించి ఉంటే అది సోమరితనం కాదు, పొగరు కాదు. వైద్యం చేస్తే తగ్గే జబ్బు. చనిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగకండి, ఆ రోజే డాక్టరుగారికి చెప్పండి. ప్రభుత్వం వారి టెలి మానస్ ఫోను నంబరు 14416 రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు.

నర్సులకు ఉన్న నియమం తల్లులకు లేదా?

జనరల్ నర్సింగ్ డిప్లొమా చదివే రోజుల్లో మాకు మొదట నేర్పిన నియమం ఒకటి ఉంది. తర్వాత డ్యూటీ నర్సు వచ్చి, ప్రతి మంచం దగ్గర రోగిని చూసి, సంగతులు విని బాధ్యత తీసుకునేవరకు వార్డు వదలరాదు. దానికి రెండో సగం కూడా ఉంది. డ్యూటీ అయ్యాక ఆ నర్సును వార్డులో ఉంచరాదు. అలిసిన నర్సు మందు తప్పు ఇస్తుంది. అందుకే ఆసుపత్రి మూడు షిఫ్టులుగా నడుస్తుంది. ఇది మా మీద దయతో పెట్టిన నియమం కాదు, రోగి క్షేమం కోసం పెట్టినది.

తల్లికి మాత్రం మనం 24 గంటల డ్యూటీ వేశాం. వారపు సెలవు లేదు. అప్పగించడానికి తర్వాతి షిఫ్టు లేదు. ఇద్దరు పసివాళ్ళ ప్రాణాలు ఆమె చేతిలో పెట్టి, ఆమె అలసటను లెక్కలోకి తీసుకోం.

కాబట్టి నేను అడిగేది ఇది. ప్రతి ఇంట్లో తండ్రి రోజుకు ఒక గంటైనా డ్యూటీ తీసుకోవాలి. “సాయం చేస్తాను” అనవద్దు. సాయం అంటే పని ఆమెది, మనస్సు పుట్టినప్పుడు మీరు చెయ్యి వేస్తారని అర్థం. డ్యూటీ అంటే ఆ గంట పిల్లలు పూర్తిగా మీ బాధ్యత. చిన్నవాడు ఎప్పుడు పాలు తాగాడు, పెద్దవాడికి ఏ మందు వేయాలి అని అడిగి తెలుసుకుని, తర్వాత ఆమెను పిలవకుండా చూసుకోవాలి. మొదటి వారం పిల్లలు ఏడుస్తారు. రెండవ వారానికి అలవాటవుతారు. ఆ గంటలో ఆమె పడుకుంటుందా, తల దువ్వుకుంటుందా, ఊరికే కూర్చుంటుందా అన్నది ఆమె ఇష్టం. రాత్రి పదింటి దాకా షాపులో నిలబడే తండ్రికి రోజూ వీలుకాకపోతే సెలవు రోజు నాలుగు గంటలు ఇవ్వవచ్చు. అతని శ్రమను నేను తక్కువ చేయడం లేదు. కాని అతనికి షాపు మూసే వేళ ఉంది.

అత్తగార్లకు ఒక మనవి. మనవడిని ఒళ్ళో పెట్టుకుని “మీ అమ్మకు ఏమీ చేతకాదు రా” అనకండి. వాడు ఆ మాట మరిచిపోడు.

సంఘంలోని పెద్దలకు ఒక మనవి. మన హాలు వారంలో చాలా రోజులు తాళం వేసి ఉంటుంది. పిల్లలు పెద్దవాళ్ళైపోయి, చేతిలో సమయం ఉన్న అమ్మమ్మలు మన స్త్రీల సమాజంలో ఎందరో ఉన్నారు. వారంలో రెండు రోజులు, ఉదయం మూడు గంటలు, ఇద్దరు ముగ్గురు పెద్దలు కలిసి పసివాళ్ళను చూసుకుంటే ఎందరో తల్లులు డాక్టరు దగ్గరికి రాగలుగుతారు, నిద్రపోగలుగుతారు. మూడేళ్ళు నిండిన పిల్లలను దగ్గరలోని అంగన్‌వాడీకి క్రమంగా పంపండి. అక్కడికి పంపడం పేదరికానికి గుర్తు అనుకునేవారు ఇంకా ఉన్నారు. అది పిల్లల హక్కు.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు ఏ ఇంట్లో పసివాడున్నాడో, ఎవరికి పాలు కావాలో అడిగి కనుక్కున్న మనుషులు ఈ ఊళ్ళో ఉన్నారు. వరద లేని రోజుల్లో కూడా ఆ అడగడం కొనసాగితే చాలు.

మగపిల్లల తల్లులకు

చివరగా, ఇద్దరు మగపిల్లలతో సతమతమవుతున్న చెల్లెళ్ళకు, కూతుళ్ళకు ఒక మాట. “మగపిల్లాడు చీపురు పట్టకూడదు” అని ఎవరన్నా వినకండి. మూడేళ్ళవాడు తన గ్లాసు సింకు దగ్గర పెట్టగలడు. ఐదేళ్ళవాడు చిక్కుడుకాయలు వలవగలడు, ఆరిన బట్టలు మడవగలడు, తమ్ముడికి నీళ్ళు ఇవ్వగలడు. మొదట్లో వాళ్ళు చేసే పని వల్ల మీకు పని పెరుగుతుంది. ఓపిక పట్టండి. పదేళ్ళ తర్వాత వాళ్ళు మీకు అన్నం వడ్డిస్తారు, ఇరవై ఐదేళ్ళ తర్వాత ఇంకొకరి కూతురికి తోడుగా నిలబడతారు. వాళ్ళు మీ మాటల కంటే నాన్న చేతుల్ని ఎక్కువ గమనిస్తారు. కంచం తీసే నాన్నను చూసిన కొడుకుకు కంచం తీయడం ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఉద్యోగం మానుకుని ఇంట్లో ఉండటం తక్కువ కాదు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఉద్యోగానికి వెళ్ళడమూ తప్పు కాదు. ఎవరి ఇంటి పరిస్థితి వారిది. ఏ దారిలో ఉన్నా పిల్లల బాధ్యత ఒక్కరి మీద పడకూడదన్నదే నా విన్నపం.

ఈ పత్రిక ఇంటికి తీసుకువెళ్ళిన తండ్రులారా, ఈ రాత్రే మొదలుపెట్టండి. భోజనం కాగానే చిన్నవాణ్ణి ఎత్తుకుని, పెద్దవాణ్ణి వేలు పట్టుకుని డాబా మీదకు వెళ్ళండి. పిట్టగోడకు దూరంగా కూర్చోండి. ఒక గంట వరకు కిందకు రాకండి.